గడగడా చదివేస్తాడు, కానీ చదవలేడు

ఒక పిల్లాడు పేజీ మొత్తం ఎక్కడా తడబడకుండా గడగడా చదివేశాడు. పుస్తకం మూయించి "ఇప్పుడు చెప్పు, ఇందులో ఏముంది?" అంటే నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. అదే క్లాసులో ఒక అమ్మాయి అదే పేజీని వేలు పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, వత్తు వచ్చిన చోటల్లా ఆగిపోతూ చదివింది. నాలుగు వాక్యాలకే అలిసిపోయింది. కానీ ఆ పేజీని నేను పైకి చదివి వినిపించాక, కథలో మిగతా అందరూ వదిలేసిన ఒక చిన్న విషయం పట్టుకుని నన్నే ఎదురు ప్రశ్న వేసింది. పరీక్షలో మాత్రం ఇద్దరికీ దాదాపు ఒకే మార్కులు, రిపోర్టులో ఇద్దరికీ నేను రాసింది ఒకే మాట: "చదవడంలో వెనకబాటు ఉంది, ఇంటి దగ్గర రోజూ చదివించండి."

ఇప్పుడు తలుచుకుంటే ఆ మాట కాళ్ళనొప్పికీ కళ్ళనొప్పికీ ఒకే మాత్ర ఇచ్చినట్టుంది. ఎందుకంటే "చదవడం" అని మనం ఒకే పేరుతో పిలిచేది నిజానికి రెండు పనులు. ఆ రెండింటినీ కలిపి నేర్పాలనే దాన్నే "సమతుల్య బోధన" అంటారు, ఆ బ్యాలెన్స్ అంటే ఏమిటో నాకు అర్థమైనంత చెబుతాను.

1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని ఒక చిన్న లెక్కలా చెప్పారు. రాసి ఉన్న గుర్తుల్ని మాటలుగా మార్చుకోగలగడం ఒకటి, ఆ మాటల్ని ఎవరైనా పైకి చెబితే అర్థం చేసుకోగలగడం ఇంకొకటి. చదివింది అర్థం కావడం అంటే ఈ రెండింటి లబ్ధం. గుర్తు పెట్టుకోండి, కూడిక కాదు, గుణకారం. ఇందులోనే అసలు కిటుకంతా ఉంది. మా గడగడా పిల్లాడికి అక్షరాలు 0.9, అర్థం 0.2 అనుకుందాం. ఆ అమ్మాయికి అటూ ఇటూ తిరగేసి 0.2, 0.9. సగటు తీస్తే ఇద్దరూ 0.55, ఫరవాలేదు అనిపిస్తారు. గుణిస్తే ఇద్దరికీ 0.18. ఇప్పుడు ఆ పిల్లాడికి ఇంకో నెల రోజులు అక్షరాలు దిద్దించి 0.9ని 1 చేశామనుకోండి, వచ్చేది 0.2. అదే నెల అర్థం వైపు పెట్టి 0.2ని 0.4 చేస్తే లబ్ధం రెట్టింపవుతుంది. నిజం పిల్లల్ని ఇలా దశాంశాల్లో కొలవలేం, అది ఒప్పుకుంటాను, కానీ ఎక్కడ కష్టపడితే ఫలితం ఉంటుందో చెప్పడానికి ఇంతకన్నా సూటి లెక్క నాకు దొరకలేదు.

మరి ఈ "సమతుల్య బోధన" అనే మాట ఎక్కడిది? దీని వెనక ఒక పాత తగాదా ఉంది. ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో, ముఖ్యంగా అమెరికాలో, పిల్లలకి చదవడం ఎలా నేర్పాలన్న దానిమీద దశాబ్దాలపాటు కొట్టుకున్నారు. మాటని మొత్తంగా చూపించి గుర్తుపట్టించే పద్ధతిని 1955లో రుడాల్ఫ్ ఫ్లెష్ అనే ఆయన ఒక పుస్తకం రాసి దుమ్మెత్తి పోశాడు. 1967లో జీన్ చాల్ అనే పరిశోధకురాలు అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ తిరగేసి, మొదట్లో పిల్లలకి అక్షరానికీ శబ్దానికీ ఉన్న లంకె నేర్పడమే మేలని తేల్చింది. సరిగ్గా అదే ఏడు కెన్ గుడ్‌మన్ అనే ఇంకో పరిశోధకుడు, చదవడమంటే ఒక ఊహించే ఆట, మంచి పాఠకుడు ప్రతి అక్షరాన్నీ పట్టి చూడడు, సందర్భాన్ని బట్టి మాటని ఊహిస్తాడు అన్నాడు. ఈ రెండో ఆలోచనే ముదిరి 1980లకల్లా, పిల్లల చుట్టూ మంచి పుస్తకాలు పెడితే చాలు, మాట్లాడడం వచ్చినట్టే చదవడమూ దానంతటదే వచ్చేస్తుంది అనే దాకా పోయింది. రాలేదు. మాట్లాడడం ఇంట్లో వింటూ వింటూ వచ్చేస్తుంది కానీ రాత అలా రాదు, దాన్ని ఎవరో ఒకరు విప్పి చూపించాలి. 1990లలో ఈ రెండు శిబిరాల మధ్య రాజీగా "బ్యాలెన్స్" అనే మాట ఊపందుకుంది.

రాజీలన్నిటికీ పట్టే గతే దీనికీ పట్టింది. బ్యాలెన్స్ అంటే అది కొంచెం, ఇది కొంచెం అనుకున్నారు. టైమ్‌టేబుల్‌లో పావుగంట అక్షరాలు, పావుగంట కథ, పావుగంట పిల్లలు వాళ్ళంతట వాళ్ళే చదువుకోవడం, ఇవన్నీ అందరికీ సమానంగా. చూడ్డానికి చక్కగా ఉంటుంది. కానీ గుణకారం లెక్కలో చూస్తే క్లాసులో ఎవరికీ అది సరిపోదు. నా మటుకు నాకు బ్యాలెన్స్ అంటే ఈ పిల్లకి ఇప్పుడు రెండు అంకెల్లో ఏది చిన్నదో చూసి దాని మీద బరువు వెయ్యడం. అది కొన్నాళ్ళకి మారుతుంది, మారగానే మనమూ మారాలి.

ఆ ఊహించే ఆట విషయం ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే అది పేరు లేకుండా ఇప్పటికీ మన చుట్టూ తిరుగుతూనే ఉంది. పేజీలో నీళ్ళ మీద ఏదో తేలుతున్న బొమ్మ. కింద వాక్యంలో "ఓడ కదిలింది" అని ఉంది. పిల్ల బొమ్మ చూసి "పడవ కదిలింది" అని చదివేసింది. అర్థం చెడలేదు, అందుకే పెద్దవాళ్ళు "భేష్" అనేసి ముందుకు పోతారు. కానీ ఆ పిల్ల చదివింది బొమ్మని. వచ్చే ఏడు పుస్తకాల్లో బొమ్మలు తగ్గిపోతాయి, "కిరణజన్య సంయోగక్రియ" లాంటి మాట వస్తుంది, దాన్ని ఏ బొమ్మ చూసి ఊహించాలి? కంటి కదలికల మీద జరిగిన పరిశోధనలు కూడా గుడ్‌మన్ చెప్పినదానికి ఎదురే తేల్చాయి. బాగా చదివేవాళ్ళ చూపు దాదాపు ప్రతి ముఖ్యమైన మాట మీదా, సుమారు పావు సెకను చొప్పున, ఆగుతూనే వెళ్తుంది. వాళ్ళు అక్షరాలు వదిలేసి వేగంగా పోతున్నారని మనకి అనిపిస్తుంది కానీ వదలరు, అక్షరాల పని వాళ్ళకి అలవాటైపోయి బయటికి కనపడదు, అంతే. తడబడిన మాటని ఊహించి గట్టెక్కేది ఎక్కువగా వెనకబడిన పిల్లలే. అంటే ఊహించమని నేర్పడమంటే బలహీనుల అలవాటుని అందరికీ అంటించడం.

పిల్ల నిజంగా చదువుతోందా, గుర్తున్నది చెబుతోందా అని తేల్చుకోవడానికి ఒక సులువైన ఉపాయం ఉంది, లేని మాటలు రాసి ఇవ్వడం. ఇంగ్లండ్‌లో 2012 నుంచి అయిదారేళ్ళ పిల్లలకి పెడుతున్న పరీక్షలో 40 మాటలుంటే అందులో సగం అలా కల్పించినవే. నేనూ "బీతుర", "మొళ్ళిగ", "తెగ్మాలు" అని రాసి ఇచ్చాను. పిల్లలు పడీ పడీ నవ్వారు కానీ, అప్పటిదాకా పాఠాలన్నీ ఒప్పజెప్పేస్తున్న ముగ్గురు "తెగ్మాలు" దగ్గర ఆగిపోయారు. వాళ్ళకి మకారం కింద వత్తుగా వస్తే ఎలా ఉంటుందో తెలియదు. పాఠం మాత్రం కంఠతా వచ్చు.

తెలుగు లిపిది ఇక్కడ కొంచెం వేరే కథ. ఇంగ్లీషులోలా ఒకటి రాసి ఇంకొకటి పలకడం లేదు, రాసింది రాసినట్టే. అందుకని అక్షరాలు వచ్చేస్తే ఏ మాటైనా పైకి చదివేయొచ్చు, గడగడా చదివి ఏమీ అర్థం కాని పిల్లలు మన దగ్గర తేలిగ్గా తయారవడానికి ఇదే కారణమని నా అనుమానం. ఇంకోవైపు నేర్చుకోవలసిన గుర్తులు బోలెడు. అచ్చులు, హల్లులు, వాటికి గుణింతాలు, ఆపైన వత్తులు, కొన్ని వత్తులకి అసలు అక్షరంతో పోలికే ఉండదు. అందుకే అక్షరమాల అంతా అయ్యాక గుణింతాలు, గుణింతాలన్నీ అయ్యాక వత్తులు, అప్పుడు గానీ వాక్యం ముట్టుకోకూడదు అంటే పిల్లలకి చదవడం అంటే ఏమిటో తెలిసేసరికే ఏళ్ళు గడిచిపోతాయి. నాలుగు అక్షరాలు రాగానే వాటితో అయ్యే మాటలు, ఆ మాటలతో అయ్యే వాక్యం వెంటనే చదివించాలి. ల, త, వ వస్తే తల, వల, లత చదవొచ్చు కదా, ఎందుకు ఆగడం?

అక్షరాలకీ అర్థానికీ మధ్య వంతెనలాంటిది ఒకటుంది, ధారాళం. ఆ అమ్మాయి ఇరుక్కున్నది సరిగ్గా ఇక్కడే. ఒక్కో మాటనీ కూడబలుక్కుంటూ వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతుంది, బుర్రలో ఒకేసారి పట్టేది కొంచెమే, ఆ కొంచెం అంతా అక్షరాలకే ఖర్చయిపోతే అర్థానికి మిగిలేదేముంది? దీనికి పనికొచ్చే చిట్కా పాతదే. చిన్న పేరా తీసుకుని, ముందు టీచర్ చదివి వినిపించి, తర్వాత పిల్ల చేత మూడు నాలుగు సార్లు అదే చదివించడం. జే శామ్యూల్స్ 1979లో దీని గురించి రాశాడు. అయితే దీన్ని స్టాప్‌వాచ్ పెట్టి నిమిషానికి ఎన్ని మాటలు అని పందెంగా మార్చిన క్లాసులు చూశాను, అక్కడ పిల్లలు ఊపిరి తీసుకోవడం కూడా మానేస్తారు. ధారాళం అంటే వేగం కాదు, ఎక్కడ ఆగాలో తెలియడం. "అన్న మాట వినలేదు." ఇది చదవండి. అన్న దగ్గర ఆగితే మాట విననివాడు అన్న. "అన్న మాట" కలిపి చదివి ఆగితే వినంది ఇంకెవరో, పాపం అన్న చెప్పాడు కూడా. పిల్ల ఎక్కడ ఆగిందో వింటే చాలు, ఎంత అర్థమైందో వేరే పరీక్ష పెట్టక్కర్లేదు.

ఇక అర్థం సంగతి. చాలామంది టీచర్లు, నాతో సహా, అర్థం నేర్పుతున్నాం అనుకుంటూ చేసేది ప్రశ్నలడగడం. పాఠం అయిపోగానే "రాజు ఎందుకు కోప్పడ్డాడు?" చేతులెత్తిన నలుగురు చెప్తారు, మిగతావాళ్ళు ఆ జవాబు రాసుకుంటారు. అది పరీక్షే కానీ నేర్పడం ఎలా అవుతుంది? డొలొరెస్ డర్కిన్ అనే పరిశోధకురాలు 1970ల చివర్లో అమెరికాలో నాలుగో తరగతి గదుల్లో 4,469 నిమిషాల పాటు రీడింగ్ క్లాసులు కూర్చుని చూస్తే, చదివింది ఎలా అర్థం చేసుకోవాలో నిజంగా నేర్పిన సమయం 20 నిమిషాలు తేలింది. మిగతాదంతా అడగడం, దిద్దడం, రాయించడం.

మరి నేర్పడం అంటే? మన బుర్రలో జరిగేది పిల్లలకి కనపడదు, దాన్ని పైకి అనాలి. ఒక చిన్న పేరా బోర్డు మీద రాశాను. "చీమలు వరుసగా నడుస్తాయి. ముందు వెళ్ళిన చీమ నేల మీద ఒక వాసన వదులుతూ పోతుంది. ఆ గీతను చెరిపేస్తే వెనక వచ్చే చీమలు కాసేపు తికమకపడతాయి." రెండు వాక్యాలు మామూలుగా చదివి మూడో దాంట్లో ఆగాను. "ఉండండి, నాకు అర్థం కాలేదు. 'ఆ గీత' అంటున్నారు. ఏ గీత? ఇప్పటిదాకా గీత అన్న మాటే రాలేదే. వెనక్కి వెళ్ళి చూస్తా. వరుసగా నడుస్తాయి... వాసన వదులుతూ పోతుంది... అంటే నేల మీద వాసన పడ్డ దారినే గీత అన్నారేమో. అలా అనుకుని మళ్ళీ చదువుతా. ఆఁ, కుదిరింది." ఒక పిల్ల వెనక నుంచి "మీకు కూడా అర్థం కాదా టీచర్?" అంది. నిజంగా ఆశ్చర్యపోయింది. పెద్దవాళ్ళకి చదవగానే అర్థమైపోతుందని, అర్థం కాకపోవడం తమ తెలివితక్కువతనమని పిల్లలు అనుకుంటారు. అర్థం కాలేదని తెలుసుకోవడమే సగం నైపుణ్యం, వెనక్కి వెళ్ళడం మిగతా సగం అని ఎవరూ చెప్పలేదు మరి.

ఇలా చూపించాక బాధ్యత మెల్లగా చేతులు మారాలి. పియర్సన్, గాలహర్ అనే ఇద్దరు 1983లో దీనికి ఒక పటం గీశారు, ఇప్పుడు దాన్నే టీచర్లు "నేను చేస్తా, కలిసి చేద్దాం, నువ్వు చెయ్యి" అంటున్నారు. మాట చిన్నదే కానీ మధ్యలో ఉన్న "కలిసి చేద్దాం" దగ్గరే దాదాపు అందరం కక్కుర్తి పడతాం. ఒకసారి చూపించి వెంటనే "ఇక మీరు చెయ్యండి" అని వర్క్‌షీట్ పంచేస్తాం. లేదంటే అటు చివర, ఏడాది పొడుగునా ప్రతిదీ మనమే చదివి, మనమే విడమరిచి, మనమే జవాబు రాయించి, పరీక్షలో మాత్రం పిల్లని ఒంటరిగా వదిలేస్తాం. కలిసి చేసే ఆ మధ్య భాగానికి నాకు నచ్చిన పద్ధతి పాలింక్సర్, బ్రౌన్ 1984లో ప్రయత్నించి చూపించినది. చిన్న గుంపు, ఒక పేరా, నాలుగు పనులు: తర్వాత ఏం వస్తుందో అనుకోవడం, ఒక ప్రశ్న వేయడం, అర్థం కానిది తేల్చుకోవడం, రెండు మాటల్లో సారం చెప్పడం. మొదట టీచర్ నడిపిస్తుంది, తర్వాత పిల్లలే వంతులవారీగా టీచర్ అవుతారు. మొదటి వారం భరించలేనంత కృత్రిమంగా ఉంటుంది, "దీని సారం ఏమనగా" అంటూ మొదలుపెడతారు. ఓపిక పట్టాలి.

అయితే ఈ కిటుకులతోనే అంతా అయిపోదు. 1988లో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ 64 మంది పిల్లలకి ఒక బేస్‌బాల్ ఆట గురించిన పేరా ఇచ్చి, చదివింది బొమ్మ మైదానం మీద ఆడి చూపించమన్నారు. చదవడంలో వెనకబడ్డవాళ్ళైనా ఆట తెలిసినవాళ్ళు, బాగా చదివేవాళ్ళైనా ఆట తెలియనివాళ్ళ కన్నా మెరుగ్గా చేశారు. అంటే సైన్సు, చరిత్ర, భూగోళం క్లాసులు కూడా రీడింగ్ క్లాసులే. చదవడం రావట్లేదని వాటిని కోసేసి ఆ టైములో "ముఖ్యాంశం గుర్తించుము" వర్క్‌షీట్లు చేయించడం నాకు ఎప్పటికీ అర్థం కాని విషయం.

"వాళ్ళంతట వాళ్ళే" చదువుకునే సమయం దగ్గరికి వస్తే, అక్కడా రెండు పక్షాలు. పిల్లలు ఎక్కువ చదివేకొద్దీ ఎక్కువ మాటలు తెలుస్తాయి, తెలిసేకొద్దీ చదవడం సులువవుతుంది, సులువైతే ఇంకా చదువుతారు. వెనకబడ్డ పిల్లకి ఇదే చక్రం తిరగబడి తిరుగుతుంది, తేడా ఏటేటా పెరుగుతుంది. 1986లో కీత్ స్టానోవిచ్ ఈ సంగతి బలంగా చెప్పాడు. కాబట్టి చదివే సమయం ఇవ్వాల్సిందే. కానీ అందరికీ తలా ఒక పుస్తకం ఇచ్చి ఇరవై నిమిషాలు గది నిశ్శబ్దంగా ఉంచితే, చదవగలిగినవాళ్ళు చదువుతారు, చదవలేనివాళ్ళు పేజీలు తిప్పుతారు. పేజీలు తిప్పడంలో పిల్లలు ఎంత ఆరితేరిపోతారంటే, పక్కవాడితో సమానంగా తిప్పుతారు. అందుకని ఆ ఇరవై నిమిషాలూ టీచర్ కూడా కుర్చీలో కూర్చుని పుస్తకం చదువుతూ ఆదర్శంగా ఉండాలన్న సలహాని నేను ఎప్పుడో వదిలేశాను. ఆ టైములో ఒక్కొక్కరి పక్కన రెండు నిమిషాలు కూర్చుంటాను. ఒక పేరా వింటాను, ఒకే ఒక్క మాట అడుగుతాను: "ఇప్పటిదాకా ఏం జరిగింది?"

పుస్తకం ఆ పిల్లకి సరిపోతుందో లేదో చూడ్డానికి 1946 నాటి ఎమ్మెట్ బెట్స్ లెక్క ఇప్పటికీ వాడుకలో ఉంది. 100 మాటల్లో తప్పు ఒకటి దాటకపోతే తనంతట తాను చదవొచ్చు, అయిదు దాకా పోతే పక్కన ఎవరో ఉండాలి, పది దాటితే విసుగొస్తుంది. కొలతగా బాగానే ఉంది. దాన్ని పిల్లల నుదుటి మీద రాసేస్తేనే చిక్కు. ఏనుగుల పిచ్చి ఉన్న పిల్లాడు తన స్థాయి కాని ఏనుగుల పుస్తకాన్ని నెల రోజులు పట్టుకుని వేలాడి పూర్తి చేస్తాడు, దాన్ని లాక్కోకండి.

అంతా విన్నాక మామూలుగా వచ్చే ప్రశ్న, క్లాసులో నలభై మంది ఉంటే ఇదంతా ఎలా అని. నిజమే, కష్టమే. అందరికీ కలిపి చేసేవి చాలానే ఉన్నాయి. పైకి చదివి వినిపించడం, బుర్రలో మాట పైకి అనడం, కొత్త మాటల మీద కబుర్లు, ఇవి నలభై మందికీ ఒకేసారి కుదురుతాయి. విడిగా చెయ్యాల్సింది చిన్న గుంపులతో పది పదిహేను నిమిషాలు. ఆ గుంపులు తాత్కాలికంగా ఉండాలి, "తెగ్మాలు" దగ్గర ఆగినవాళ్ళు మవత్తు వచ్చేదాకా ఒక గుంపు, ఆ తర్వాత విడిపోతారు. ఏడాదంతా అదే గుంపు, అదే బల్ల అయితే పిల్లలకి తమ గుంపు పేరు ఏదైనా దాని అర్థం ఏమిటో ఇట్టే తెలిసిపోతుంది.

ఇంతకీ మొదట చెప్పిన ఆ అమ్మాయికి రోజూ పదిహేను నిమిషాలు వత్తులు, చదివిన పేరానే మళ్ళీ చదవడం. కానీ మిగతా క్లాసు పెద్ద కథ వింటున్నప్పుడు తనని లేపి వత్తులకి కూర్చోబెట్టలేదు. తన 0.9ని ఆకలితో మాడ్చి 0.2ని పెంచడం ఏం తెలివి? పిల్లాడికి పైకి చదివించడం దాదాపు ఆపేశాను. ఒక పేరా మనసులో చదివి, పుస్తకం మూసి చెప్పడం, అంతే. మొదట్లో వాడికి నా మీద కోపం, తనకి బాగా వచ్చిన ఒకే ఒక్క పని లాగేసుకున్నానని. రెండు నెలలు "ఏమో టీచర్" తప్ప ఏమీ రాలేదు.

ఒక రోజు వాడే పుస్తకం పట్టుకొచ్చాడు. "టీచర్, ఇక్కడ 'అతను' అంటే ఎవరు? ఇద్దరున్నారు కదా." జవాబు నా నోటి దాకా వచ్చింది. మింగేసి, "నేను చీమల పాఠంలో ఇరుక్కున్నప్పుడు ఏం చేశాను?" అన్నాను. కాసేపు నిలబడ్డాడు. తర్వాత అక్కడే, నా బల్ల అంచున పుస్తకం ఆనించి, పేజీ వెనక్కి తిప్పాడు.